శాంతి అంటే సర్దుకుపోవడమేనా?

"మన బిల్డింగులో ఇప్పటిదాకా ఏ గొడవా లేదు. ప్రశాంతంగా ఉందాం." ఆర్నెల్ల కిందట మా అపార్ట్‌మెంటు మీటింగులో ఓ పెద్దమనిషి అన్న మాట ఇది. ఖాళీగా ఉన్న ఫ్లాటు నా ముస్లిం స్నేహితురాలికి అద్దెకిప్పించమని అడిగింది నేనే. అందరూ తలూపారు. నేను తలూపలేదు, నోరూ విప్పలేదు.

"ఇంటి శాంతి కోసం సర్దుకుపో" అని వింటూ పెరిగినవాళ్లమే మనమంతా. అక్కడ శాంతి అంటే దెబ్బ తిన్న మనిషి అరవకపోవడం. నగరానికీ అదే అర్థమైతే ఆ శాంతిని ఎందుకు కోరుకోవాలి?

మా మేనత్త వాళ్లు కరీంనగర్ నుంచి మరమగ్గాల పనికి భివండీ వలసపోయారు, ఎందరో పద్మశాలీల్లాగే. 1970లో, 1984లో మతకలహాల్లో తగలబడ్డ ఊరది. 1988లో అక్కడి పోలీసు అధికారి సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించాడు. రెండు మతాల మామూలు మనుషులూ పోలీసులతో కలిసి కూర్చుని చిన్న తగాదాల నుంచి పుకార్ల దాకా మాట్లాడుకునేవాళ్లు. 1992-93లో పక్కనే బొంబాయిలో సుమారు 900 మంది చనిపోయారు. భివండీ నిలబడింది.

హైదరాబాదుతో సహా ఆరు నగరాలను పరిశీలించిన అశుతోష్ వార్ష్ణేయ్ 2002 నాటి పుస్తకంలో ఒక వాదన చేశాడు. ఇరుగుపొరుగు స్నేహాలు మంచివే గానీ పెద్ద నగరాల్లో అవి చాలవు, రెండు మతాలవాళ్లూ సభ్యులుగా ఉన్న సంఘాలే కలహాలను గట్టిగా తట్టుకుంటాయని. చదివినప్పుడు కోపమొచ్చింది. గోడ మీదుగా పాయసం, షీర్‌ఖుర్మా అందించుకున్న ఆడవాళ్ల స్నేహం లెక్కలోకి రాదా? మీటింగులో అర్థమైంది. నా స్నేహం నిజమే, కానీ దాని తరఫున మాట్లాడేందుకు నాతో ఎవరూ లేరు. ఒంటరిగా మాట్లాడే ధైర్యం నాకు లేకపోయింది.

మరి ఆ సంఘాల్లో కూర్చునేదెవరు? నువ్వు కమిటీలో ఉన్నావా అని అత్తను అడిగాను. "మీ మామ పోయేటోడు బిడ్డా. మమ్ముల ఎవరు పిలిశిన్రు? గని ఏ ఇంట్ల ఏమైతాందో మాకే ఎరుక" అంది. పుకారు మొదట చేరేది వాళ్ల చెవికి. కర్ఫ్యూలో పాలు వెతుక్కునేది వాళ్లు. కుర్చీలు మాత్రం మగవాళ్లవి.

2006లో పోలీసు స్టేషను నిర్మాణం మీద అదే భివండీలో హింస చెలరేగి ప్రాణాలు పోయాయి. శాంతి కూడా వంటలాంటిదే, ఏ రోజుకారోజు చెయ్యాలి. అది ఆడవాళ్లకు తెలిసిన పని. అయితే నోరు మూసుకుని చేసే చాకిరీగా దాన్ని మళ్లీ మన నెత్తిన పెడితే ఒప్పుకోకూడదు. నిర్ణయాల్లో మన మాట ఉండాలి.

నా స్నేహితురాలు వేరే చోట ఇల్లు చూసుకుంది. నన్నేమీ అనలేదు. ఆమె అనకపోవడాన్ని కూడా నేను శాంతి అనుకోలేను. ఆ రోజు మీటింగయ్యాక మెట్ల మీద "పాపం ఆ అమ్మాయి" అన్న ముగ్గురు ఆడవాళ్లతో కలిసి వచ్చే మీటింగుకి వెళ్తున్నాను. గొడవవుతుందని ఒకావిడ భయపడుతోంది. అవుతుంది. కానివ్వండి.