చివరగా వచ్చినవాడు యజమాని అవుతాడా?



మనిషి లేని లోకానికి విలువ ఉన్నదా? ఇది తీరిక ఉన్నవారు వేసుకునే ప్రశ్న అని తోసిపుచ్చకండి. మన ఇంటి పునాదిలో వేసే రాయికీ, మన ఊరి చెరువుకూ ఈ ప్రశ్నతో సంబంధం ఉన్నది.

జల్‌పల్లి చెరువు గట్టున నిలిచి పహాడీషరీఫ్ వైపు చూడండి. అక్కడక్కడ మిగిలిన గ్రానైటు గుండ్లు కనిపిస్తాయి. ఈ ప్రాంతపు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ కాలమంతటినీ ఒక్క సంవత్సరంగా కుదించి చూద్దాం. జనవరి 1న ఈ బండ పుట్టిందనుకుంటే, రాక్షసబల్లులు తిరుగాడిన మధ్యజీవ మహాయుగం నవంబరు చివరి వారంలో మొదలవుతుంది. క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు అది ముగిసి, నేటికీ సాగుతున్న నవజీవ మహాయుగం ప్రారంభమవుతుంది. మనవంటి మనుషులు డిసెంబరు 31 రాత్రి 11 గంటల వేళకు వస్తారు. ప్రభువు బెత్లెహేములో జన్మించి అర నిమిషమైనా కాలేదు!

అసలు లెక్కలో చెప్పాలంటే, మధ్యజీవ మహాయుగం 25 కోట్ల 20 లక్షల ఏళ్ల క్రితం మొదలై 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం ముగిసింది. ఆ యుగంలో మన దక్కను నేల ఆఫ్రికా, అంటార్కిటికాలతో కలిసి ఉండేది. తరువాత వాటి నుండి విడివడి, ఉత్తరంగా ప్రయాణించి, నవజీవ యుగంలో ఆసియాను ఢీకొన్నది. హిమాలయాలు లేచాయి. కదలని బండ అని మనం అనుకునే రాయి భూమధ్యరేఖను దాటి వచ్చిన బాటసారి!

జల్‌పల్లి రాళ్లలో రాక్షసబల్లుల ఎముకలు దొరకవు. అవి పుట్టేనాటికే ఈ రాళ్లు ముసలివి. కాని మన రాష్ట్రంలోనే, నాటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి సమీపాన, జురాసిక్ కాలపు ఎముకలు బయటపడ్డాయి. భూగర్భ శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి 1988లో ఆ జంతువుకు కోటాసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మీ పిల్లలకు చూపించవచ్చు. వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో మరొక వింత ఉన్నది. దక్కనులో లావా పొరలు పొరలుగా పారిన కాలంలో, ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ నడుమ ఏర్పడిన మట్టిలో, ఎలుకంతటి పాలిచ్చే జంతువు పళ్లు దొరికాయి. దానికి డెక్కనోలెస్టెస్ అని పేరు. అదీ 1988లో పెట్టినదే. కొండంత జంతువులు నశించాయి. పాలిచ్చే చిన్న ప్రాణుల వంశాలలో కొన్ని నిలిచాయి.

ఆ 1988లోనే రెండవ జాన్ పాల్ పాపుగారు నీల్స్ స్టెన్సెన్ అనే పీఠాధిపతిని ధన్యజీవిగా ప్రకటించారు. డెన్మార్కులో పుట్టిన ఈయన భూగర్భ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరు. రాతి పొరలలో కిందిది ముందు ఏర్పడినదని, పైది తరువాతదని 1669లో గ్రంథస్థం చేశారు. 1675లో గురుపట్టం పొందారు. రాళ్లను చదివిన కళ్లతోనే ఆయన వేదగ్రంథాన్నీ చదివారు. కనుక మన పిల్లలు పాఠశాలలో కోట్ల ఏళ్ల సంగతి నేర్చుకొని వచ్చినప్పుడు విశ్వాసానికి ముప్పు వచ్చినదని తల్లిదండ్రులు కంగారు పడనక్కరలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మనిషి చూడని ఆ 18 కోట్ల 60 లక్షల ఏళ్ల రాక్షసబల్లుల యుగం వృథాయేనా? మనకు ఉపయోగపడినదే విలువైనది అనుకుంటే, అవుననే చెప్పాలి. కాని ఆదికాండములో దేవుడు వెలుగును, నేలను, చేపలను మంచివని చూచినది మనిషిని చేయక మునుపే కదా! వాటి మంచితనానికి మన సాక్ష్యం అవసరం లేకపోయింది. మనం చివరగా పిలువబడినవారం. విందుకు చివర వచ్చిన అతిథి ఇల్లు తనదే అంటే ఆ ఇంటివారు ఏమనుకుంటారు?

“ప్రాణులు నశించడం ప్రకృతిలో మామూలే, మనమేదో చేస్తే తప్పేమిటి?” అని కొందరు అడుగుతారు. నిజమే, మధ్యజీవ యుగాంతంలో ఆకాశం నుండి ఒక పెద్ద గ్రహశకలం పడింది. దక్కనులో లావా పారింది. ఎన్నో జాతులు అంతరించాయి. కాని లావాకు మనస్సాక్షి లేదు. గ్రహశకలం ఆత్మశోధన చేసుకోదు. అవి చేసినదాన్ని మనమూ చేయవచ్చు అనడం, మరణం సహజం కనుక హత్య తప్పు కాదు అన్నట్లే ఉంటుంది.

అలాగని రాయి కొట్టి బ్రతికే కూలివానిని తప్పుపట్టకండి. ఇల్లు కట్టుకోవడం పాపం కాదు. ఏదెను తోటను సాగుచేయమని, కాపాడమని మనిషికి రెండు పనులు అప్పగించబడ్డాయి. మొదటిదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకోవడమే మన లోపం. అవసరానికి ఒక బండను పగులగొట్టడం వేరు. లాభానికి గుట్టనంతా చదును చేసి, చెరువును చెత్తతో పూడ్చి, ప్లాట్లు వేయడం వేరు. పగిలిన గుండును ఏ డబ్బూ తిరిగి నిలబెట్టలేదు.

మీ విచారణలో ఒక గుట్ట, ఒక చెరువు మిగిలి ఉంటే, ఈ ఆదివారం పూజ తరువాత పిల్లలను అక్కడికి తీసుకువెళ్లండి. ఆ రాతిని తాకనివ్వండి. దాని వయస్సు చెప్పండి. ఇంటి చెత్త ఆ చెరువులోకి పోకుండా చూసుకోవడం ఆ రోజు నుండే మొదలుపెట్టండి.