వేటభూమియు దయాధర్మమును

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాటసారికి గోదావరి కనబడుటకు చాల ముందే అడవి కనబడును. టేకు, వెదురు, ఇప్ప, తునికి చెట్ల నడుమ కిన్నెరసాని పారుచుండును. ఆ యేటిపై కట్టిన జలాశయము చుట్టునుగల సుమారు 635 చదరపు కిలోమీటర్ల అడవిని 1977లో అభయారణ్యముగా ప్రకటించిరి. దుప్పి, కణుజు, కొండగొర్రె, అడవిపంది తిరుగాడు చోటు అది. గోదావరికి ఆవల పాపికొండలలో అడవిదున్నలకు ఎంత ప్రసిద్ధి యుండెననగా, 1945లో కొండరెడ్లను గూర్చి గ్రంథము వెలువరించిన హైమెండార్ఫు పండితుడు ఆ కొండలను అడవిదున్నల కొండలనియే గ్రంథనామమున పేర్కొనెను.

ఈ యడవిలో మృగమును చంపుట నేడు నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను కట్టుదిట్టము చేసినది. అప్పటికిని కొన్ని మృగములకు లైసెన్సుపై వేట మిగిలియుండెను; 1991 సవరణతో అదియు పోయినది. అయితే నేరమగుట వేరు, అధర్మమగుట వేరు. జరిమానాకు వెరచి మానిన పనిని దయవలన మానితిమని చెప్పుకొనుట మనుష్యునకు మిక్కిలి సులభము. చట్టము అడ్డుపడనిచోట, డబ్బును లాభమును మృగసంరక్షణమును మూడును ఒక్కచోట కూడివచ్చినచోట, వేట తప్పా, కాదా? ప్రశ్నకు అసలు పరీక్ష అచ్చటనే యున్నది.

అట్టి చోటు లోకములో లేకపోలేదు. అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రపు దక్షిణభాగములో ముండ్లపొదల నేల విస్తారముగా నున్నది. మన చెరువుగట్ల నాక్రమించిన సర్కారుతుమ్మకు దాయాదులైన చెట్లే అచ్చటను. ఆ పొదలలో వేటకొరకే పోషింపబడు భూములు కలవు. మన ప్రాంతమున మామిడితోట అమ్మకమునకు వచ్చినట్లే అవియు అమ్మకమునకు వచ్చును. ఇది చక్కని యాజమాన్యములో నున్న వేటభూమి యని అమ్మువాడు చెప్పును. ఆ మాట వట్టిది కాదు. ఎండకాలమునకు నీటిగుంటలు త్రవ్వించియుందురు, కరవునాళ్లలో మేత పెట్టుదురు, పొదలను వరుసలుగా నరికి పచ్చిక పెంచుదురు, ఏటేట మృగములను లెక్కించి, ఈ యేడు ఇన్ని మగవి, ఇన్ని ఆడవి చంపవచ్చునని నిర్ణయింతురు. అచ్చటి తెల్లతోక లేడి చట్టరీత్యా ప్రజలందరి సొత్తు. భూస్వామి అమ్ముకొనునది తన నేలలో అడుగుపెట్టు హక్కును మాత్రమే. పరదేశమునుండి తెచ్చిన మృగము మాత్రము భూస్వామి సొత్తే. దానిని ఏ ఋతువునందైనను చంపవచ్చును.

ఆ పరదేశి మృగములలో మనవి రెండు కలవు. మనుబోతు ఒకటి, కృష్ణజింక ఒకటి. 1920, 1930 దశకములలో అచ్చటికి కొనిపోబడి, అచ్చటి ఎండకును ముండ్లకును అలవాటుపడి, వేలకు వేలుగా పెరిగినవి. మన చేలగట్లమీద మందలుగా తిరిగిన కృష్ణజింక మన నేలపై అనేక తావుల కనుమరుగైనది. దాని సంతతి అక్కడి వేటభూములలో బలిసియున్నది. వేటను సమర్థించువారి వాదమునకు ఇంతకంటె గట్టి సాక్ష్యము వేరొకటి యక్కరలేదు. చంపుటకై పెంచినవాడు మిగిల్చెను, పెంచనివాడు పోగొట్టుకొనెను అని వారందురు. ఈ వాదమును నవ్వి త్రోసిపుచ్చరాదు.

మన చరిత్రయు కొంతవరకు వారి పక్షముననే పలుకును. హైదరాబాదు అంచున వనస్థలిపురము చెంతగల మైదానము నిజాము ప్రభువుల వేటస్థలము. ఇతరులను రానీయక ప్రభువు తన వినోదమునకు కాపాడుకొనుటచేతనే అచ్చట కృష్ణజింకలు మిగిలెను. 1975లో, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వత్సరమున, దానికి మహావీర హరిణ వనస్థలి యని పేరుపెట్టిరి. చీమకైన హాని తలపెట్టని మహనీయుని పేరు తుపాకి ప్రొద్దుపుచ్చిన నేలకు తగిలినది! మెదకు సీమలోని పోచారము అభయారణ్యము కథయు ఇట్టిదే. దేశము వెలుపల, గిల్గిత్ కొండలలో మార్ఖోరు అను మెలికకొమ్ముల అడవిమేకను చంపుటకు ఏటా కొలదిమంది ధనికులకు అనుమతి నిచ్చి, ఆ రుసుములో నూటికి 80 వంతులు గ్రామసంఘములకు పంచుచున్నారు. గ్రామస్థులే కాపలాదారులైరి, మేకలు పెరిగినవి. పస్తున్న పల్లెకు బడియు మందును ఆ సొమ్ముతో వచ్చినవి. ఇట్టిదానిని పాపపు సొమ్మని దూరమున కూర్చుండి అనుట ధర్మము కాదు.

అయినను ఒక్క సంగతి నిదానించి చూడవలెను. చక్కని యాజమాన్యము అన్నప్పుడు అది దేనికి చక్కనిది? నీటిగుంట త్రవ్వించిన చేయి దాహముగొన్న జింకను తలచి త్రవ్వించెనా, కొమ్ముల పొడవును తలచి త్రవ్వించెనా? రెండింటను నీరు ఒక్కటే, జింక త్రాగుటయు ఒక్కటే. కాని కొమ్ముల వెల పడిపోయిననాడు రెండవవాని గుంట ఎండిపోవును. కొమ్ములులేని ముసలి మృగమునకు ఆ లెక్కలో చోటు లేదు. ఆ భూములలో ఇట్టివానిని ముందుగా ఏరివేయుటయే మంచి యాజమాన్యమనబడును. వెలయున్నంతవరకే నిలుచు కరుణ దయ యెట్లగును? అది పాడియావుకు పెట్టిన దాణావంటిది. దాణా పెట్టుట తప్పు కాదు. దానిని దానమని పిలుచుటయే తప్పు.

బసవేశ్వరుని బోధలో దయకు ఇన్ని ప్రాణులే పాత్రములు, తక్కినవి కావు అను హద్దు లేదు. కాయకమునకును అట్టి నిబంధనయే కలదు: ఏ పని చేసినను చేతులు శుద్ధముగా నుండవలెను, వచ్చినది దాసోహమునకు పోవలెను. వేటభూమిని నడుపువాడు కష్టజీవియే, లెక్క తప్పనివాడే. కాని అతని కష్టమంతయు ఒక ప్రాణి మరణమునకు ముహూర్తము పెట్టుటలో ముగియును. కష్టపడినంతమాత్రమున కాయకము కాజాలదు.

ఇక మన యడవుల వేటను చూడుడు. దానిని ఏ యిరువురును ఒకే కన్నుతో చూడలేదు. ప్రభువుల వేట కీర్తి యయ్యెను. 1902లో వైస్రాయి కర్జను హైదరాబాదు రాజ్యమున పులిని చంపి, సతీసమేతుడై దాని ప్రక్కన నిలిచిన ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధమే. పెద్దలు సప్తవ్యసనములలో వేటను చేర్చినమాట ఆనాటి దర్బారులలో ఎవరికిని జ్ఞప్తికి రాలేదు కాబోలు. భద్రాచలమునకు ఎగువన, దుమ్ముగూడెము చెంతనున్న పర్ణశాలలో బంగారులేడి కథ నేటికిని చెప్పుకొందురు. ఆ లేడినైనను ఆకలికై తరుమలేదు, అందమునకై తరిమిరి. ఆ తరుముటవలన కలిగిన అనర్థము లోకవిదితము.

కోయవాని వేట అట్టిది కాదు. వేసవిలో, తొలకరికి ముందు భూమిపండుగ వచ్చును. ఆ దినములలో మగవారు విల్లమ్ములతో అడవికి పోవుట తరతరాల యాచారము. ఉత్త చేతులతో తిరిగివచ్చినవానిని ఆడవారు ఎగతాళి చేయుదురు. దొరికినది ఊరంతయు పంచుకొందురు. కొమ్ములను గోడకు తగిలించుకొనుటకై ఎవడును పోడు. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆదివాసికి పోడుభూమిపైనను, అడవిలో ఏరుకొను ఫలసాయముపైనను హక్కు నిచ్చినది గాని, వేటాడు సంప్రదాయపు హక్కును స్పష్టముగా మినహాయించినది. మృగములు తరిగిన కాలమున ఆ మినహాయింపు అవసరమే కావచ్చును. అయినను తరిగినది ఎవరివలన? విల్లువలన తరిగినంతకంటె తుపాకివలనను, గొడ్డలివలనను, నాగలివలనను తరిగినది హెచ్చు. శిక్ష మాత్రము విల్లుపై పడినది.

వేటగాని కులమును నిందించుటకు శైవులకు నోరు రాకూడదు. పాలకురికి సోమనాథుడు బసవపురాణములో ఉడుమూరి కన్నప్ప కథను ఎంత గౌరవముతో చెప్పెనో ఎరుగనివారు లేరు. అతడు బోయవాడు. మాంసమును రుచిచూచి మేలైనది స్వామికి పెట్టెను, పుక్కిటినీటితో అభిషేకించెను. తుదకు స్వామి కంట నెత్తురు కారగా తన కన్ను పెరికి యిచ్చెను. శివుడు మెచ్చినది మాంసమును కాదు, వేటనేర్పును కాదు. తనకంటూ ఏమియు మిగుల్చుకొనని ఆ యిచ్చుటను. రుసుము చెల్లించి, కొమ్ములు ఇంటికి కొనిపోవు వేటగానికిని కన్నప్పకును విల్లు తప్ప పోలిక యేదియు లేదు.

ఇంతవరకు విని మాంసము ముట్టని గృహస్థుడు తన చేతులు శుద్ధమని తృప్తిపడవచ్చును. అచ్చటనే చిక్కున్నది. అడవి యంచున పత్తియు మిరపయు వేసినవాడు ఒకడున్నాడనుకొందము. నిత్యము లింగపూజ చేయును, ఇంట గ్రుడ్డునైనను రానీయడు. పంట చేతికి వచ్చువేళ రాత్రికి రాత్రి పందులమంద చేను దున్నివేయును. ఏడాది అప్పు తలపై నుండును. ప్రక్కచేనివాడు వచ్చి, కంచెకు కరెంటుతీగ తగిలింపుము, తెల్లవారునాటికి పీడ విరగడ యగును అని చెప్పును. వేరొకడు వచ్చి, పట్నమునుండి జీపులో వచ్చువారున్నారు, నీ చేనిలో ఒక రాత్రి కూర్చుండనిమ్ము, పందులు పోవును, నీకింత సొమ్మును ముట్టును అనును. ఈ రెండవ మాట టెక్సాసు బేరము చిన్నరూపమే. చంపువాడు ఇతడు కాడు, తినువాడును ఇతడు కాడు. ఇతనికి అంటినది సొమ్ము మాత్రమే. అయినను ఆ చావునకు వాకిలి తెరచినవాడు ఇతడు కాదా?

కరెంటుతీగ మరింత ఘోరము. పందియా, దుప్పియా, రాత్రివేళ ఇప్పపూవునకు బయలుదేరిన బీదరాలా అని తీగ చూడదు. అట్లు మనుష్యులు చచ్చిన వార్తలు ఏటేట వచ్చుచునే యున్నవి. కన్నెత్తి చూచి చంపు వేటగానికంటె, నిదురించుచు చంపు శాకాహారి ఎట్లు మేలగునో చెప్పుట కష్టము. వేటభూమి యజమానికి మృగముల లెక్కయైనను తెలియును. ఇతనికి అదియు తెలియదు.

మరి పంట పోవలెనా? పోవలెనని ఏ ధర్మమును చెప్పదు. అప్పులవానికి అహింస బోధించి ఇంటికి పోవుట మఠములకు శోభ కాదు. పంటనష్టమునకు ప్రభుత్వ పరిహారము కలదు. అర్జీ వ్రాయలేని రైతునకు వ్రాసిపెట్టువాడు, కార్యాలయమునకు తోడుపోవువాడు కావలెను. మందను తొలగించక తప్పని స్థితి వచ్చిన, అధికారి లిఖితముగా ఆజ్ఞ యిచ్చుటకు చట్టమే మార్గము చూపినది. అట్టి ఆజ్ఞపై జరిగిన చావు చావే. కాని అది బేరము కాదు, వినోదమును కాదు, ఎవడును దానిని కోరి కొనలేదు. ఈ భేదమును స్వల్పమని తలచువారు పట్నపు జీపువానిని ఒకసారి చూడవలెను.

భద్రాచలము చుట్టును గల ఏజెన్సీలో ఇట్టి వేటభూమిని నెలకొల్పి అమ్మజూపుట ఎటులను సాగదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని బిగించిన 1970 నాటి ఒకటవ నిబంధనయు అచ్చటి భూమిని గిరిజనేతరులు కొనకుండ అడ్డుపడుచున్నవి. అడవి సర్కారుది, మృగము ఎవరిదియు కాదు. అందుచేత దానికి నీటిగుంట త్రవ్వించుటలో లాభమెవనికిని లేదు. లాభములేని చోటనే దాసోహమునకు తావున్నది.

షికారీలు పులికై మంచెకట్టి కాచియుండిరి. రైతు పంటకై అదే మంచె కట్టును. కరెంటుతీగ లేని చేనిలో ఆ మంచెపై రాత్రులు మేలుకొనుటకు, డప్పు కొట్టుటకు, కాగడా వెలిగించుటకు మనిషి కావలెను. ఒంటరివాడు నెలరోజులు నిదురలేక కాయలేడు. పొరుగు చేలవారు నలుగురు వంతులు వేసికొన్నచో, కోయ పాలేరును కూలివానిగా కాక వంతువానిగా కూర్చుండబెట్టుకొన్నచో, ఒక్కొక్కనికి నాలుగు రాత్రులలో ఒక్కటియే వచ్చును.