శత్రువిమానమునకును అదే శ్రద్ధ

మిత్రునియందును శత్రువునందును సమబుద్ధి గలిగియుండుట యోగి లక్షణమని గీతాచార్యుడు బోధించినది ఏకాంతమైన ఆశ్రమమున గాదు, ఉభయసేనల నడుమ నిలిచిన రథము మీద. వినుటకు మధురమైన ఈ ఉపదేశము ఆచరణకు వచ్చునప్పటికి ఎంత కఠినమగునో మనమందర మెరుగుదుము. పొరుగువాడు చేనిగట్టు జరిపినాడన్న కోపమునే తరతరములుగా మోయు మనస్సు ఒక్కనాటి ప్రవచనముతో సమత్వమును పొందజాలదు. దానికి సాధన కావలెను. ఆ సాధన జపమాలతోనే జరుగవలెనను నియమము లేదు. ఏకాగ్రతతో చేయు చేతిపని ఏదైనను మనస్సునకు గురువు కాగలదు. అట్టి పనులలో, పైకి ఆధ్యాత్మికముతో నే సంబంధమును లేనట్లు తోచునది, రెండవ ప్రపంచయుద్ధము నాటి యుద్ధవిమానములకు చిన్న నమూనాలను కూర్చుట.

ఈ నమూనాలకు మిక్కిలి వాడుకలోనున్న కొలత అసలు విమానములో 72వ వంతు. ఇంగ్లండు దేశపు స్పిట్‌ఫైరు రెక్కల విస్తారము 11.23 మీటర్లు, ఈ కొలతలో అది 15.6 సెంటీమీటర్లై అరచేత నిముడును. ప్లాస్టిక్ చట్రమునకు అంటియున్న భాగములను ఒక్కొక్కటిగా కోసి, అంచులను సన్నని గరుకుకాగితముతో నరగదీసి, పైలటు కూర్చుండు చోటికి ముందుగా ఆకుపచ్చని రంగు వేసి, పిదపనే విమానశరీరపు రెండు సగములను కలుపవలెను. పలుచని జిగురు ప్లాస్టిక్కును కొంచెము కరగించి రెండు ముక్కలను ఏకము చేయును. అది గట్టిపడకమునుపే తొందరపడి చేయి వేసినచో అతుకు చెదరును. అతుకు మీది గీతను లప్పముతో పూడ్చి, మరల నునుపుచేసి, పైభాగమున గోధుమ, పచ్చ వర్ణములను, అడుగున లేత ఆకాశవర్ణమును వేసి, తుదకు నీట నానబెట్టిన చిహ్నములను కాగితము మీదినుండి మెల్లగా జార్చి వాని స్థానముల నిలుపవలెను. ఈ పని యంతటను త్వరకు తావులేదు, కోపమునకు అంతకంటెను లేదు. చిత్తము చెదరిన క్షణముననే చేయియు చెదరును.

ఇట్టి నమూనాలకే యుద్ధకాలమున వేరొక ప్రయోజనముండెను. ఆకాశమున కానవచ్చు విమానము తనవారిదో పరులదో రెప్పపాటులో గుర్తింపవలసిన సైనికులకు అవి పాఠ్యవస్తువులు. 1942లో అమెరికా నౌకాదళము తమ దేశపు ఉన్నతపాఠశాలల విద్యార్థులను ఇట్టి కొయ్యనమూనాలు 5 లక్షలు చేసి యిమ్మని కోరెను. వాని కొలతయు ఆ 72వ వంతే. ఏ వస్తువు నాడు శత్రుమిత్రభేదమును నేర్పుటకు వినియోగపడెనో, ఆ వస్తువే నేడు శ్రద్ధాళువైన వాని చేతిలో ఆ భేదమును దాటుటకు సోపానమగుచున్నది. అది ఎట్లన్నది విచారింతము.

స్పిట్‌ఫైరును రూపొందించిన రెజినాల్డ్ మిచెల్ 1933లోనే దారుణవ్యాధికి శస్త్రచికిత్స పొంది, ఆ బాధను లోలోపల నణచుకొని పనిచేసెను. 1936 మార్చి 5న తన విమానము తొలిసారి నింగికెగయుట చూచి, మరుసటి సంవత్సరము జూన్ నెలలో, 42 ఏండ్ల ప్రాయముననే కన్నుమూసెను. 1940లో ఆ విమానము తన దేశమును కాపాడుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. ఆ యేటి ఆకాశయుద్ధమున దక్షిణ ఇంగ్లండులోని వామ్‌వెల్ నుండి స్పిట్‌ఫైరులు నడిపిన 152వ దళము హైదరాబాదు పేరు వహించినది; దాని ముద్రపై నిజాము ప్రభువు శిరోవేష్టనము కలదు. ఆ దళపు యు.ఎం. అక్షరములను తన నమూనాపై నతికించునపుడు తెలుగువాని హృదయము ఉప్పొంగుట సహజమే. ఇష్టమైన దానియందు శ్రద్ధ చూపుట సులభము. అది సాధన కాదు. సాధన తరువాతి నమూనాతో మొదలగును.

ఏలయన, స్పిట్‌ఫైరు ముగిసిన బల్లమీదికి సాధారణముగ వచ్చునది దాని ప్రత్యర్థియైన జర్మనీ విమానము, మెసర్‌ష్మిట్ 109. దాని రెక్కల యంచులనును అంతే యోర్పుతో నరగదీయవలెను. దాని పైలటు కూర్చుండు చోటికిని అంతే మెలకువతో రంగు వేయవలెను. శత్రువిమానము గదా యని అతుకును వంకరగా వదలువాడు శిల్పి కాడు. అట్లు దినములు గడచుకొలదియు, చేతులు ఆ పరవస్తువును ఎరుగుకొలదియు, మనస్సున నొక పరిణామము కలుగును: దానిని నిర్మించినవారును మేధ వెచ్చించినవారే, దానిలో కూర్చున్నవాడును ఒక తల్లి కన్నబిడ్డయే యని తోచును. చరిత్రయు ఈ భావమునకు సాక్ష్యమిచ్చుచున్నది. 1935 మే నెలలో ఆ మెసర్‌ష్మిట్ తొలి ప్రతి గాలిలోనికి లేచినది ఇంగ్లండువారి రోల్స్‌రాయిస్ ఇంజనుతో. స్పిట్‌ఫైరును నడిపిన మెర్లిన్ ఇంజనును ఆ సంస్థదే. ఐదేండ్లకు ఒండొంటిని కూల్చుటకు తలపడిన రెండు విమానములును తమ తొలి యెగురుటకు బలమును ఒక్క యింటినుండియే గైకొన్నవి.

అయితే సమదృష్టి యనగా మంచిచెడ్డలు సమానములని కాదు. ఆ జర్మనీ విమానపు తోకపై నతికింపవలసిన చిహ్నము మన గడపలపై పసుపుకుంకుమలతో దిద్దుకొను స్వస్తికను పోలియుండును. లక్షలాది నిరపరాధులను హతమార్చిన పాలకుల పతాకమై ఆ పవిత్రరేఖ క్రౌర్యమునకు గురుతైనది. దానిని అతికించు చేయి క్షణకాలమాగుట ధర్మము; ఆ యాగుటయే వివేకము. అధర్మము అధర్మమే, దానిని ఎదిరింపవలసినదే. అర్జునునకు సమత్వము బోధించిన నోటితోనే భగవానుడు యుద్ధము చేయుమనెను గదా! ఆయన విడువుమన్నది ద్వేషమును గాని కర్తవ్యమును గాదు.

ఈ ధర్మసూక్ష్మమును శ్రీరామచంద్రుడు లంకలో ఆచరించి చూపెను. రావణుడు నేలకొరిగిన పిదప, అన్నకు అంత్యక్రియలు చేయుటకు వెనుదీసిన విభీషణునితో, వైరము చావుతో ముగిసినదనియు, ఇక నాతడు నీకెంతటివాడో నాకును అంతటివాడే యనియు పలికి, యథావిధిగా సంస్కారము జరిపించెను. సంహరించిన బాణమును రామునిదే, సంస్కరింపజేసిన కరుణయు రామునిదే; మొదటిదానిలో ద్వేషము లేకపోవుటచేతనే రెండవది సాధ్యమయ్యెను.

కాబట్టి, ఎవరిని చూచిన నీ మనస్సు బిగుసుకొనునో, వారి జీవితమును ఒక్కసారి ఆ శిల్పి శ్రద్ధతో పరిశీలింపుము: వారు దేనిచే నిర్మితులైరో, ఏ భయము వారిని నడుపుచున్నదో, వారి బలము ఎచ్చటినుండి వచ్చినదో తెలిసికొనుము. అంతయు తెలిసినపిదప కూడ వారిని ఎదిరింపవలసియే రావచ్చును, అపుడు వెనుదీయకుము. కాని తెలిసి యెదిరించువాని హృదయమున విషముండదు. విషములేని హృదయముతో చేసిన పోరాటము ముగిసినపుడు, పరాజితునకు చేయి నందించుటకు నీకు సంకోచ ముండదు.