పశ్చాత్తాపం ఎవరి వంతు?

దేవుడు పశ్చాత్తాపపడతాడా? ఈ మాట ఎత్తితే మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ముందు ‘తౌబా, తౌబా’ అని చెంపలు వేసుకుంటారు. చర్చికి పోయే మా దోస్తులకు ఇందులో అంత ఉలిక్కిపడాల్సిందేమీ కనిపించదు. వాళ్ల బైబిల్లో, ఆదికాండం ఆరో అధ్యాయంలోనే, మనుషుల చెడుతనం చూసి, వీళ్లనెందుకు చేశానా అని దేవుడు నొచ్చుకుంటాడు. జలప్రళయం ఆ తర్వాతే. ఆ కథ మా ఖురాన్‌లోనూ ఉంది. నూహ్ ప్రవక్త ఉన్నాడు, ఓడ ఉంది, తండ్రి పిలిచినా ఎక్కక మునిగిపోయిన కొడుకూ ఉన్నాడు. దేవుడి నొచ్చుకోలు మాత్రం లేదు.

ఎందుకు లేదో తెలుగు మాటలోనే సగం తెలుస్తుంది. పశ్చాత్తాపమంటే తర్వాత పుట్టే తాపం. ముందు తెలియంది తర్వాత తెలిస్తేనే ఆ మంట. ముందూ వెనకా అన్నీ తెలిసినవాడికి అదెక్కడిది? ఖురాన్ రెండో సూరాలో మనిషిని పుట్టించక ముందే ఫరిష్తాలు అడుగుతారు, భూమ్మీద కల్లోలం రేపి నెత్తురు పారించేవాణ్నా పెడతావని. వాళ్లకు తెలియంది తనకు తెలుసని అల్లా జవాబిస్తాడు. అంటే పారబోయే నెత్తురంతా ముందే లెక్కలో ఉంది. ఖురాన్ ‘నదామత్’ అనే మాటని మనుషులకే వాడింది. తమ్ముణ్ని చంపిన ఆదం కొడుక్కి వాడింది. శవాన్ని ఎలా పూడ్చాలో ఒక కాకి నేల తవ్వి చూపిస్తే గానీ వాడికి ఆ నదామత్ కలగలేదు. అల్లాకి ఆ మాటని ఒక్కసారీ వాడలేదు.

మరి బైబిల్ దేవుడు పొరపాటు చేసి నాలిక కరుచుకున్నాడని క్రైస్తవులంటున్నారా? అదీ లేదు. మొదటి సమూయేలు 15వ అధ్యాయంలో సౌలుని రాజుని చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడని రెండుసార్లుంది. పశ్చాత్తాపపడటానికి ఆయన మనిషి కాడని అదే అధ్యాయంలో ఇంకోచోట ఉంది. అది మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పిన మాటేనని అగస్టీన్, కాల్విన్ లాంటివాళ్లు సర్దిచెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం బూడిద చూసినవాళ్లకి ఆ సర్దుబాటు చాల్లేదు. 1946లో జపాన్‌లో కిటమోరి దేవుడి నొప్పి మీద పుస్తకం రాశాడు. 1972లో జర్మనీలో మోల్ట్‌మన్ సిలువెక్కిన దేవుడి మీద రాశాడు. నొప్పి తెలియనివాడికి ప్రేమా తెలియదన్నది మోల్ట్‌మన్ వాదన.

ఆ మాట విని, మీ అల్లా అయితే రాయి కదా అనేవాళ్లున్నారు. అది నిజం కాదు. ఎడారిలో ఒంటె తప్పిపోయి, చావుకి సిద్ధపడ్డవాడికి ఆ ఒంటె మళ్లీ కనిపిస్తే ఎంత సంబరం? తౌబా చేసిన మనిషిని చూసి అల్లాకి అంతకంటే ఎక్కువ సంబరమని హదీసు. విశ్వాసి ప్రాణం తీయడానికి తడబడినంతగా తాను మరి దేనికీ తడబడనని అల్లా అన్నట్టు బుఖారీలో ఉంది. ఆ తడబాటు ఎలాంటిదో ఉలేమాలు తేల్చి చెప్పలేకపోయారు. ‘ఎలా’ అని అడక్కుండా నమ్మమన్నారు కొందరు. అంటే ఈ పేచీ మసీదుకీ చర్చికీ మధ్య ఎంతుందో మసీదు లోపలా, చర్చి లోపలా అంతే ఉంది.

1854లో ఆగ్రాలో, కుంపిణీ పాలనలో, మౌలానా రహమతుల్లా కైరానవీకీ, జర్మన్ మిషనరీ ఫాండర్‌కీ మధ్య పెద్ద వాదం జరిగింది. ముందు చర్చకొచ్చింది ‘నస్ఖ్’. ఒక ఆజ్ఞ స్థానంలో దేవుడు ఇంకో ఆజ్ఞ పంపడం. అలా చేస్తే దేవుడు మనసు మార్చుకున్నట్టు కాదా అన్నది మిషనరీల అభ్యంతరం! ఆజ్ఞకి ఎంత గడువో పంపినవాడికి మొదటే తెలుసన్నది మావాళ్ల జవాబు. నీ దేవుడు మనసు మార్చుకుంటాడంటే నీ దేవుడేనని రెండు పక్కలవాళ్లూ అనుకోవడం చూస్తే నవ్వొస్తుంది. మనసు మార్చుకోవడాన్ని అంత నామోషీగా ఎందుకు చూశారో మాకైతే తెలుసుకోవాలనుంది.

మేమెటు? మేం అల్లాకి నదామత్ లేదనే అంటాం. చివరి తీర్పు చెప్పేవాడు తర్వాత ‘పొరబడ్డాను’ అంటే, ఈ లోకంలో ఏ కోర్టులోనూ న్యాయం దొరకనివాడు ఇంకెక్కడికి పోవాలి? మా క్రైస్తవ దోస్తు తనతో ఏడ్చే దేవుణ్ని కోరుకుంటున్నాడు. మేం తప్పకుండా లెక్క తేల్చే దేవుణ్ని కోరుకుంటున్నాం. దెబ్బ తిన్నవాళ్లకి ఆ రెండూ కావాలి.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. పశ్చాత్తాపం లేకుండా ఉండే హక్కు అన్నీ తెలిసినవాడికే ఉంది. ఏమీ తెలియని మనిషి ఆ హక్కుని తీసుకుంటే దానికి మా దగ్గర పేరుంది. షిర్క్. దేవుడి పక్కన ఇంకొకణ్ని నిలబెట్టడం. 1992 డిసెంబరు 6న మసీదు కూల్చి, గర్వంగా ఉందని చెప్పుకున్నవాళ్లున్నారు. 2008లో కంధమాల్‌లో చర్చిలూ, ఇళ్లూ తగలబెట్టారు. మూడు మాటల్లో తలాక్ చెప్పి, భార్యని పిల్లలతో సహా బజార్న పడేసి, షరియత్ అని చేతులు దులుపుకున్న మగాళ్లు మాలోనూ ఉన్నారు. ‘అల్లా కీ మర్జీ’ అని వాళ్లని వెనకేసుకొచ్చిన మౌల్వీలూ ఉన్నారు. వీళ్లందరిదీ ఒకటే జబ్బు. దేవుడికి లేనిది తమకీ లేదనుకోవడం.

తౌబా అంటే మళ్లడం. మనిషి తప్పు నుంచి మళ్లితే అల్లా మనిషి వైపు మళ్లుతాడు. అందుకే ఆయన పేర్లలో ‘తవ్వాబ్’ ఒకటి. మళ్లే పని మనిషి ఎగ్గొడితే, దేవుడి మనసు గురించి ఎంత వాదించి ఏం లాభం?

ఇంత చెప్పినా, మాకొక ప్రశ్న మిగిలే ఉంది. పారబోయే నెత్తురంతా ముందే తెలిసి కూడా మమ్మల్నెందుకు పుట్టించాడు? ఇది ఫరిష్తాలు అడిగిన ప్రశ్నే. అడిగినందుకు వాళ్లని శిక్షించినట్టు ఖురాన్‌లో లేదు. అందుకే మేమూ అడుగుతూనే ఉంటాం.