చెవి వింటుంది, కాలు కదలదు

కడప జిల్లా గండికోట అంచున నిలబడి, మొదటిసారి పెన్నా లోయలోకి తొంగిచూసినవారి గుండె ఝల్లుమంటుంది. నిత్యం ఆ దారిన తిరిగేవారు తల తిప్పకుండానే వెళ్ళిపోతారు. లోయ లోతు తగ్గలేదు, కంటిచూపూ తగ్గలేదు. మరి తగ్గిందేమిటి?

సోదర సోదరీమణులారా! దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక చిన్న సముద్ర జీవిని చూద్దాం. బయటికి గుల్ల కనిపించని ఈ మెత్తని నత్తను ‘సముద్రపు కుందేలు’ అంటారు. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, దానికి మొత్తం ఉన్నవి దాదాపు 20 వేలే. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు దాన్ని పరిశోధించి, 2000లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందారు.

దాని నీటిగొట్టాన్ని తాకితే మొప్ప చప్పున ముడుచుకుంటుంది. స్పర్శను గ్రహించే నరం కబురు తెస్తుంది. కండరాన్ని నడిపే నరం దాన్ని అందుకొని ఆజ్ఞాపిస్తుంది. కండరం పాటిస్తుంది. కాని అపాయం లేని ఆ స్పర్శే పదే పదే తగిలితే మొప్ప కదలిక తగ్గిపోతుంది. కండరం అలిసిందా? లేదు. చర్మం మొద్దుబారిందా? అదీ లేదు. రెండు నరాలు కలిసే చోట కబురును మోసే రసాయనం తగ్గింది, అంతే! రోజుకు పదిసార్లు చొప్పున నాలుగు రోజులు తాకితే, ఆ ఉపేక్ష మూడు వారాలు నిలిచింది. ఎక్కువ రోజులు అలవాటు చేసిన నత్తల్లోనైతే, స్పర్శ నరానికుండే సుమారు 1,300 బుడిపెలు 850కి పడిపోయాయి. తోకపై గట్టి దెబ్బ తగిలినప్పుడు మాత్రం మొప్ప మళ్ళీ బలంగా ముడుచుకుంది.

నత్తకు ఇది సృష్టికర్త చేసిన మేలే. ప్రతి అలకూ ఉలిక్కిపడితే దాని శక్తి వృథా అవుతుంది. కాని అజాన్ అల తాకిడి కాదు. పొరుగువాడి ఆకలి కూడా అల తాకిడి కాదు. రోజుకు ఐదుసార్లు పిలుపు వింటాం. చెవి బాగానే ఉంది, కాళ్ళలో సత్తువా ఉంది. సంతకు నడుస్తాం, నమాజుకు మాత్రం లేవం. సడలింది నడుమనున్న బంధమే! జనాజా మోసిన రోజు మనసు కదులుతుంది, నాలుగు రోజులకే చల్లారుతుంది.

మనల్ని కదిలించడానికి ప్రతిసారీ దెబ్బే తగలాలా? నత్తకు ఎంచుకునే స్వేచ్ఛ లేదు, మనకుంది. ఉపేక్షతో సడలిన బంధం ఆచరణతో బిగుస్తుంది. ఈ పూట వినబడే మొదటి పిలుపుకే లేద్దాం. గడప ముందు నిలిచిన చేతిని ఈ పూటే చూద్దాం. అల్లాహ్ మన హృదయాలను మొద్దుబారకుండా కాపాడుగాక! ఆమీన్.