చిత్రగుప్తుడి జీతమెంత?

యముడి కొలువులో తీర్పు చెప్పేది యముడే. కానీ ఆయన నోరు తెరవాలంటే ముందు చిత్రగుప్తుడు చిట్టా తెరవాలి. హైదరాబాద్ పాతబస్తీలో కందికల్ గేటు దగ్గర ఆ చిట్టా దేవుడికి గుడి ఉంది. కంచిలోనూ ఉంది. అక్కడ ఆయన ఘంటం, తాటాకు పట్టుకుని కూర్చుంటాడు. పాపం చేసినవాడికి నరకం, పుణ్యం చేసినవాడికి స్వర్గం సరే. రాసినవాడికేమిటి? ఆయన జీతభత్యాల ఊసు పురాణాల్లో కనపడదు. తప్పు రాయడన్న నమ్మకం మీదే ఆ కొలువంతా నడుస్తోంది. ఆ నమ్మకం పల్లె జనానికి మాత్రం పూర్తిగా కుదిరినట్టు లేదు. పేరు పొరపాటున ఒకరికి బదులు మరొకరిని యమభటులు పట్టుకుపోయి, మళ్లీ తెచ్చి దింపిన కథలు మనకు కొల్లలు.

భూమ్మీది కొలువుల్లో ఇలాంటి పొరపాటుకు ప్రాణం తిరిగొచ్చే ఏర్పాటు లేదు. అందుకే గోదావరిఖనిలాంటి బొగ్గుబావుల ఊళ్లో ఈ ప్రశ్న వేదాంత చర్చగా ఆగిపోదు. మనిషి మాటను కాగితం మీదికి ఎక్కించే పని ఒట్టి గుమాస్తాగిరీయా, ధర్మాధర్మాలు అంటుకునే పనా? ఆ పనికి ఎవరిని పెట్టుకోవాలి, ఏమివ్వాలి?

గోదావరిఖనిలో ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ కమ్ లేబర్ కోర్టు ఉంది. సింగరేణిలో డిస్మిస్ అయిన కార్మికులు ఏళ్ల తరబడి ఎక్కిన గడప అది. నాగాలు ఎక్కువయ్యాయనో, మస్టర్లు తక్కువయ్యాయనో ముందు చార్జిషీటు వస్తుంది. తర్వాత కంపెనీ లోపలే ఎంక్వైరీ, ఆపైన డిస్మిస్. 1987లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించింది. దాంతో పని పోయిన కార్మికుడు సర్కారు రిఫరెన్సు కోసం ఎదురుచూడకుండా తానే లేబర్ కోర్టుకు పోయే దారి ఏర్పడింది. దేశమంతటికీ అలాంటి వీలు వచ్చింది 2010లో. బొగ్గుబాయి మనిషికి ఈ సవరణ ఎంత పెద్ద మేలో ఆ కోర్టు వరండాలో కూర్చున్నవారిని అడిగితే చెబుతారు.

దారైతే దొరికింది. ఆ దారిలో అతని మాట మాత్రం ఎన్నో చేతులు మారుతుంది. ఎంక్వైరీలో ఒక గుమాస్తా రాస్తాడు. కోర్టుకొచ్చాక వకీలు అఫిడవిట్‌గా తయారుచేస్తాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో కార్మికుడు చెప్పింది జడ్జి విని, తన మాటల్లో స్టెనోకో టైపిస్టుకో చెప్పి రాయిస్తారు. అమెరికాలోలాగా ప్రతి పలుకునూ పట్టే కోర్టు రిపోర్టరు మన కింది కోర్టుల్లో లేడు. తెలుగులో చెప్పింది చాలాసార్లు ఇంగ్లీషులో టైపవుతుంది. హైకోర్టే తెలుగులో తీర్పు ఇవ్వడం 2023 జూన్‌లో పెద్ద వార్త అయిందంటే, కింది కోర్టు కాగితాల భాష సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. సెషన్స్ విచారణలో సాక్ష్యాన్ని మామూలుగా కథనంగా రాయాలనీ, అవసరమనుకుంటేనే ప్రశ్న జవాబుల రూపంలో రాయవచ్చనీ చట్టం చెబుతుంది. మిగతా కోర్టుల్లోనూ అలవాటు అదే. అంటే ప్రశ్న మాయమవుతుంది, జవాబు మాత్రం సాక్షి తనంత తానే చెప్పినట్టు మిగులుతుంది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. బాయిలో పైకప్పు కూలిన కేసు. "సపోర్టు సక్కగ లేదని ఎరికై కూడ లోపలికి పోయినవు గదా?" అని వకీలు అడిగాడు. "అవును సార్, సర్దార్ పొమ్మన్నడు, పోకుంటే మస్టర్ పోతది" అన్నాడు కార్మికుడు. (సర్దార్ అంటే బాయిలో పని చూసే సూపర్‌వైజరు.) కాగితం మీద, 'సపోర్టు సరిగ్గా లేదని తెలిసి నేను లోపలికి వెళ్లాను' అన్న ఒక్క వాక్యం పడిందనుకోండి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజమూ లేదు. ఇక క్రాస్ చివర ఏ ఊరి కోర్టులోనైనా ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: 'నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు.' జీవితంలో ఎన్నడూ అలా మాట్లాడని మనుషులు లక్షలమంది ఆ వాక్యం కింద సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు.

తర్కశాస్త్రం ఈ చిక్కును వందల ఏళ్ల కిందటే పట్టుకుంది. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ప్రమాణాలను నాలుగుగా చెప్పాడు. చివరిది శబ్దం, అంటే ఆప్తుడి మాట. ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. బాగానే ఉంది. మరి చెప్పినవాడు ఒకరు, విని సారం తీసినవారు ఇంకొకరు, రాసినవాడు వేరొకడు అయినప్పుడు ఆప్తుడు ఎవరు? పైకోర్టు జడ్జి చదివేది కార్మికుడి గొంతును కాదు, ఈ వరస చివరన ఉన్నవాడి అక్షరాన్ని. మాటకు ప్రామాణ్యం చెప్పినవాడి యోగ్యతను బట్టి వస్తుందన్న నైయాయికుల లెక్కనే తీసుకుంటే, ఆ వరసలో ప్రతి ఒక్కరి యోగ్యతా తేలాలి. టైపిస్టును ఆ పరీక్ష నుంచి తప్పించే వీలు లేదు.

పాత ధర్మశాస్త్రాలు లేఖకుడిని తక్కువ చేయలేదు. న్యాయసభకు పది అంగాలున్నాయని చెప్పిన బృహస్పతి, రాజుతో, న్యాయం చెప్పే ప్రాడ్వివాకుడితో పాటు గణకుడినీ లేఖకుడినీ అందులో చేర్చాడు. ఇస్లాంలో మనిషి చేసిన ప్రతి పనినీ రాసే దేవదూతలున్నారు, కిరామన్ కాతిబీన్. అంతకన్నా ఆసక్తికరమైనది ఖురాన్ రెండో సూరాలోని 282వ ఆయత్. ఆ గ్రంథంలో అన్నిటికన్నా పెద్ద ఆయత్ అదే, అదీ అప్పుపత్రం గురించి. రాసేవాడు న్యాయంగా రాయాలనీ, రాయనని మొరాయించకూడదనీ చెప్పి, చివర రాసేవాడికీ సాక్షికీ హాని చేయకూడదని కూడా అంటుంది. గుమాస్తాకు రక్షణ కల్పించిన మతగ్రంథం అది. ఏ పే కమిషన్ నివేదికకైనా ముందుమాటగా పెట్టుకోదగిన ఆలోచన.

ఇప్పుడు జీతాల సంగతి. తెలంగాణ కోర్టుల్లో గ్రేడ్-3 స్టెనోగ్రాఫర్ స్కేలు 32,810 నుంచి 96,890 రూపాయలు. టైపిస్టుది 24,280 నుంచి 72,850. పదవీ విరమణ 61 ఏళ్లకు. ఈ పోస్టులకు పోటీపడేవారిలో బొగ్గుబావుల పిల్లలూ ఉన్నారు, అందుకు కారణాలూ ఉన్నాయి. 1990 ప్రాంతంలో లక్షా పదహారు వేల మంది ఉన్న సింగరేణి ఇప్పుడు దాదాపు 41 వేలకు తగ్గింది. కొడుకుకు తండ్రి కొలువు వస్తుందన్న ఆశ మీద 2017లో హైకోర్టు దెబ్బ వేసింది. వారసత్వ ఉద్యోగాల పథకం రాజ్యాంగంలోని సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. అనారోగ్యంతో అన్‌ఫిట్ అయినవారి పిల్లలకు కారుణ్య నియామకం మిగిలింది. ఆడపిల్లలకైతే 2019 వరకు భూగర్భంలో పనే నిషేధం. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసై కోర్టు కొలువు వెతుక్కోవడం ఈ ప్రాంతపు ఆడపిల్లలకు నిషేధం అడ్డురాని దారుల్లో ఒకటి.

అదే ఊళ్లో మరో లెక్క ఉంది. 2024-25 లాభాల్లో 34 శాతం వాటాగా సింగరేణి పంచిన మొత్తం 819 కోట్లు. పర్మినెంటు కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. కాంట్రాక్టు కార్మికుడికి 5,500. ఇద్దరూ పీల్చింది ఒకే దుమ్ము. జీతం దేనికిస్తున్నారు, ఒళ్లు పెట్టిన ప్రమాదానికా, నేర్చిన పనికా, పెట్టుకున్న నమ్మకానికా అన్న ప్రశ్న ఇక్కడ గాలిలో వేలాడదు, పండగ ముందు బ్యాంకు ఖాతాలో కనపడుతుంది. రాసేవాడి విషయంలో జవాబు నమ్మకానికనే చెప్పాలి. నిమిషానికి ఇన్ని మాటలన్న వేగం ఆ పనికి అర్హత మాత్రమే.

రాసేవాడు దొరక్కపోతే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ కోర్టు రిపోర్టర్లలో అత్యధికులు ఆడవాళ్లు. సగటు వయసు 55 దరిదాపు. సర్టిఫికెట్ కావాలంటే స్టెనోటైపు యంత్రం మీద నిమిషానికి 225 మాటలు అందుకోవాలి. మధ్యస్థ వార్షిక వేతనం 60 వేల డాలర్లకు పైమాటే, దానిమీద ట్రాన్స్‌క్రిప్టుకు పేజీల చొప్పున విడిగా రాబడి. (చిత్రగుప్తుడికి పేజీల చొప్పున ఇస్తే మన పాపాలు ఎన్ని సంపుటాలయ్యేవో!) కొత్తవాళ్లు రాక కొరత ఏర్పడింది. కొరత దెబ్బ ముందు పేదల మీదే పడుతుంది. 2018లో జేమ్సన్ వర్సెస్ డెస్టా కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ఫీజు కట్టలేని కక్షిదారుకు కోర్టే రిపోర్టరును ఇవ్వాలని తేల్చింది. డబ్బున్నవాడు సొంత రిపోర్టరును తెచ్చుకుంటాడు, లేనివాడి మాట గదిలోనే పోతుంది. రికార్డు లేకపోతే అప్పీలులో వాదించడానికి ఏమీ మిగలదు.

యంత్రం ఉంది కదా అనవచ్చు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందు వాదనలను కృత్రిమ మేధతో అక్షరాల్లోకి మార్చే ప్రయోగం మొదలైంది. కేరళ హైకోర్టు 2025 నవంబరు నుంచి కింది కోర్టుల్లో సాక్ష్యాల నమోదుకు అలాంటి పరికరాన్నే తప్పనిసరి చేసింది. మహాభారతం రాయడానికి ఒప్పుకున్న వినాయకుడు ఘంటం ఆగకూడదని షరతు పెట్టాడని, అర్థం కానిదే అక్షరం రాయకూడదని వ్యాసుడు ఎదురు షరతు పెట్టాడని కథ. యంత్రం మొదటి షరతును అవలీలగా నెగ్గుతుంది. రెండోదే దానికి పట్టదు. ఇంక్లైను, హాలరు, షాట్‌ఫైరరు, నాగా అన్నవాటిని బాయి ఊళ్లో పుట్టిన స్టెనో ఇట్టే పట్టుకుంటుంది.

అయితే వ్యాసుడి షరతులో ఒక మెలిక ఉంది. 'సర్దార్ పొమ్మన్నడు' అన్న ముక్క ఎగిరిపోయింది అర్థం కాక కాదు. అర్థం చేసుకుని, అనవసరం అనుకున్నందుకే. తెలివైన లేఖకుడే కత్తిరిస్తాడు. యంత్రానికి ఆ తెలివి లేదు కాబట్టి ప్రశ్ననూ, జవాబునూ, మధ్యలో దగ్గునూ అన్నీ ఉంచుతుంది. కాబట్టి రికార్డింగు ఉండాలి, దాని పక్కన సంతకం చేసే మనిషీ ఉండాలి. తప్పు రాస్తే జవాబు చెప్పుకోవలసిన భయం మనిషికే ఉంటుంది. ఈ లోకంలో క్రమశిక్షణ చర్య, నమ్మేవాళ్లకు పైలోకంలో మరో విచారణ. అలాంటి మనిషిని అవుట్‌సోర్సింగు మీద, నెలాఖరుకు కొలువు ఉంటుందో లేదో తెలియని స్థితిలో కూర్చోబెట్టి ధర్మం రాయమనడం అధర్మం.

గోదావరిఖనిలోనైనా పెద్దపల్లిలోనైనా క్రిమినల్ కోర్టు బోను ఎక్కేవారికి ఒక మాట. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 313వ సెక్షన్ ప్రకారం సెషన్స్ కోర్టులో మీ సాక్ష్యం రాయడం పూర్తయ్యాక దాన్ని మీకు చదివి వినిపించాలి. ఇంగ్లీషులో రాసి ఉండి, మీకు ఆ భాష రాకపోతే తెలుగులో వివరించాలి. తప్పుంటే దిద్దమని అడగండి. జడ్జి దిద్దడానికి ఒప్పుకోకపోయినా, మీ అభ్యంతరాన్ని ఆ రికార్డుకు జతచేసి రాసి ఉంచే వీలు ఆ సెక్షన్‌లోనే ఉంది. వినకుండా సంతకం పెట్టకండి.