గురువు రుణం ఎవరికి తీర్చాలి?



మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి పేరు మనందరికీ తెలుసు. మరి ఆయనకి సంగీతం నేర్పిన గురువు గారి పేరు? చాలామందిమి ఇక్కడే ఆగిపోతాం. ఆయనే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. బెజవాడ ఇంకా మహానగరం కాని రోజుల్లో అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాఠం చెప్పిన మనిషి.

శిష్యుడికి 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. చూడటానికి గురువు గారు లేరు. మరి శిష్యుడి పేరు పక్కన ఒక్క లైన్‌గా మిగిలిపోయిన జీవితం చిన్నదా?

ఆ పరంపర ఒకసారి చూడండి. త్యాగరాజ స్వామి దగ్గర మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు నేర్చుకున్నారు. ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, శాస్త్రి గారి దగ్గర పంతులు గారు, పంతులు గారి దగ్గర బాలమురళి. స్వామి 1847లో సిద్ధి పొందారు. అప్పటికి రికార్డింగ్ అనే మాటే లేదు. పాట ఒక గొంతులోంచి ఇంకో గొంతులోకి వెళ్లాల్సిందే. మధ్యలో ఒక్కరు "నాకెందుకులే" అనుకుంటే ఈ పాయ అక్కడితో ఎండిపోయేది.

ఇంకో సంగతి. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు పట్టుకుని వచ్చే పిల్లల్లో రేపు బాలమురళి ఎవరవుతారో ఏ గురువుకీ ముందే తెలీదు. అందరికీ అదే పాఠం, అదే ఓపిక. నిష్కామ కర్మ అంటే ఏదో పెద్ద వేదాంతం అనుకుంటాం గానీ, పాఠం చెప్పేవాళ్లకి అది రోజూ చేసే పని. ఫలితం చూసి చెప్పాలంటే అసలు మొదటి పాఠమే మొదలవ్వదు.

పంతులు గారి ఇంకో శిష్యుడు, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు. ఆయన విజయవాడలోనే ఉండి ఎందరికో నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. అది రాకపోయినా ఆయన నేర్పిన విద్య విలువ ఒక్క పిసరు కూడా తగ్గేది కాదు.

మన ఆఫీసుల్లో కేటీ అనేది నోటీస్ పీరియడ్‌లోనే గుర్తొస్తుంది. తెలిసింది దాచుకుంటేనే మన విలువ నిలుస్తుందని లోపల ఎక్కడో ఒక భయం. మన సంప్రదాయం దీనికి సరిగ్గా ఎదురు చెప్తుంది. ఋషి ఋణం అన్నారు పెద్దలు. నేర్చుకున్నది అప్పు. ఆ అప్పు ఇచ్చినవాళ్లకి తిరిగి కట్టేది కాదు, తర్వాతి వాళ్లకి కట్టాలి. గురుదక్షిణ ఇచ్చేసినంత మాత్రాన అది తీరిపోదు.

మీ ఊళ్లో మీకు సంగీతమో, శ్లోకాలో, లెక్కలో నేర్పిన మాస్టారు ఉంటే ఈ ఆదివారం ఒక ఫోన్ చేయండి. "బాగున్నారా మాస్టారూ" అన్నాక, వాళ్ల దగ్గర నేర్చుకున్నది ఇప్పుడు మీరు ఎవరికి నేర్పుతున్నారో కూడా చెప్పండి. వాళ్లకి అంతకన్నా సంతోషం ఇంకోటి ఉండదు.